మూడు ఆవేశాల స్థితిజశక్తి లెక్కలో జవాబు రెట్టింపు ఎందుకు వస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది. 30 సెంటీమీటర్ల భుజం ఉన్న సమబాహు త్రిభుజం మూడు మూలల్లో +2, +3, −4 మైక్రోకూలుంబ్‌ల ఆవేశాలున్నాయి. వ్యవస్థ స్థితిజశక్తి ఎంత? ఒక్కో మూలలో పొటెన్షియల్ (ఒక కూలుంబ్ ఆవేశాన్ని అక్కడికి తేవడానికి పట్టే పని) కనుక్కుని, దాన్ని అక్కడున్న ఆవేశంతో హెచ్చించి, మూడూ కూడితే −0.84 జౌల్ వచ్చింది. పుస్తకం వెనక జవాబు −0.42. దీంతోపాటు ఇంకో రెండు సందేహాలు అడిగారు. పొటెన్షియల్ సున్నా ఉన్న చోట పెట్టిన ఆవేశం ఎందుకు కదులుతుంది? ‘జరిగిన పని’ అన్నప్పుడు ప్లస్ ఎప్పుడు, మైనస్ ఎప్పుడు?

ముందు లెక్క సంగతి. మీరు కనుక్కున్న పొటెన్షియల్స్ మూడూ సరైనవే. కూడిక దగ్గరే తేడా వచ్చింది. స్థితిజశక్తి ఒక్క ఆవేశానికి చెందేది కాదు, జంటకి చెందేది. +2కీ +3కీ మధ్య ఉన్న శక్తి ఒక్కటే. దాన్ని +2 దగ్గర నిలబడి ఒకసారి, +3 దగ్గర నిలబడి ఇంకోసారి లెక్కేశారు. మిగతా రెండు జంటలకీ అదే జరిగింది. అందుకే అచ్చంగా రెట్టింపు.

జంటలవారీగా చేసి చూడండి. కూలుంబ్ స్థిరాంకం 9 × 10⁹, దూరం 0.30 మీటర్లు. ఈ రెండూ మూడు జంటలకీ ఉమ్మడే కాబట్టి ముందే భాగించి 3 × 10¹⁰ అని పక్కన పెట్టుకోవచ్చు.

+2, +3 జంట: 3 × 10¹⁰ × 6 × 10⁻¹² = +0.18 జౌల్
+2, −4 జంట: 3 × 10¹⁰ × (−8 × 10⁻¹²) = −0.24 జౌల్
+3, −4 జంట: 3 × 10¹⁰ × (−12 × 10⁻¹²) = −0.36 జౌల్

మొత్తం −0.42. మీ పద్ధతిలోనే వెళ్లాలనుకుంటే చివర్లో సగం చేస్తే సరిపోతుంది. కానీ ఆ సగాన్ని బట్టీపట్టొద్దు, ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో తెలియక మళ్లీ ఇరుక్కుంటారు. ఒక్కో ఆవేశాన్నీ అనంత దూరం నుంచి తెచ్చి పెడుతున్నట్టు ఊహించుకోవడం దీనికన్నా నమ్మకమైన దారి. మొదట +2ని తెస్తాం. చుట్టూ ఏమీ లేదు, పని సున్నా. తర్వాత +3. అక్కడ +2 ఒక్కటే ఉంది కాబట్టి పని 0.18. చివరికి −4. అది చేరే మూలలో మిగతా రెండిటి వల్ల పొటెన్షియల్ 3 × 10¹⁰ × 5 × 10⁻⁶ = 1.5 × 10⁵ వోల్టులు. దాన్ని −4 × 10⁻⁶తో హెచ్చిస్తే −0.60. మొత్తం 0 + 0.18 − 0.60 = −0.42. ఏ వరసలో తెచ్చినా ఇదే వస్తుంది. ఒకసారి −4ని ముందు తెచ్చి చేసి చూడండి.

ఇదే లెక్కని కాస్త మార్చి అడిగితే చాలామంది పడిపోయే చోటు ఒకటుంది. ‘−4 మైక్రోకూలుంబ్ ఆవేశాన్ని అనంత దూరానికి తీసుకెళ్లడానికి ఎంత పని కావాలి?’ దీనికి 0.42 అని రాసేస్తారు. సరైన జవాబు 0.60. ఎందుకంటే ఆ ఆవేశం వెళ్లిపోయాక కూడా +2, +3 జంట అక్కడే ఉంది, దాని 0.18 జౌల్ అలాగే ఉంది. −0.42 నుంచి +0.18కి చేరాలంటే 0.60 ఇవ్వాలి. ఇక్కడ సగం చేసే పని లేదు, ఎందుకంటే కదిలేది ఒక్క ఆవేశం, మిగతావి కదలవు. ‘వ్యవస్థ మొత్తం శక్తి’ అంటే అన్ని జంటలూ. ‘ఈ ఒక్కదాన్ని కదపడానికి పని’ అంటే ఆ ఒక్కటి పాల్గొనే జంటలు మాత్రమే. ప్రశ్న చదివేటప్పుడే ఈ రెండిట్లో ఏది అడిగారో తేల్చుకుంటే సగం తప్పులు రావు.

ఆవేశాలు పెరిగితే జంటలు త్వరగా పెరుగుతాయి. నాలుగుంటే ఆరు, ఐదుంటే పది. చతురస్రం లెక్కల్లో నాలుగు భుజాలు రాసి రెండు కర్ణాలు మర్చిపోవడం మామూలే. నాలుగు మూలల్లో ఒకే ఆవేశం ఉంటే భుజాల నుంచి 4, కర్ణాల నుంచి 2 ÷ √2 అంటే 1.414, కలిపి 5.414. దీన్ని ఒక భుజం జంట శక్తితో హెచ్చించాలి. మీ జవాబులో ఆ సంఖ్య సరిగ్గా 4 వచ్చిందంటే కర్ణాలు వదిలేశారన్నమాట. 6 వస్తే కర్ణాన్ని కూడా భుజమంత దూరంగానే తీసుకున్నారు.

ఇప్పుడు పొటెన్షియల్. అది ఒక బిందువుకి చెందిన సంఖ్య. అక్కడ ఆవేశం ఉన్నా లేకపోయినా ఆ సంఖ్య ఉంటుంది. అక్కడికి ఒక కూలుంబ్ ఆవేశాన్ని తెస్తే ఎన్ని జౌళ్లు పడుతుందో చెప్పేదే వోల్టు. సూత్రాల్లో చూస్తే, పొటెన్షియల్‌లో ఒకే ఆవేశం, కింద దూరం ఒక్కసారి. స్థితిజశక్తిలో రెండు ఆవేశాలు, కింద దూరం ఒక్కసారి. బలంలో రెండు ఆవేశాలు, కింద దూరం వర్గం. క్షేత్రంలో, అంటే ఒక కూలుంబ్ మీద పడే బలంలో, ఒక ఆవేశం, దూరం వర్గం. పరీక్ష హడావిడిలో చేతి అలవాటు కొద్దీ దూరాన్ని వర్గం చేసేస్తారు. త్రిభుజం లెక్కలో అలా చేస్తే −0.42 బదులు −1.4 వస్తుంది, అంటే 0.30తో ఇంకోసారి భాగించినట్టు. వచ్చిన జవాబుని దూరంతో హెచ్చిస్తే పుస్తకంలో జవాబు వస్తోందా అని చూడండి, తప్పు ఎక్కడో దొరికిపోతుంది.

పొటెన్షియల్ ఎక్కువుంటే శక్తి ఎక్కువున్నట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. 15 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వాన్ డి గ్రాఫ్ యంత్రం (ఆవేశాన్ని పోగుచేసి లక్షల వోల్టులు పుట్టించేది) గోళాన్ని తీసుకోండి. పొడి గాలి మీటరుకి సుమారు 30 లక్షల వోల్టుల దగ్గర తట్టుకోలేక మెరుపు వదులుతుంది కాబట్టి ఆ గోళం ఎక్కగలిగిన గరిష్ఠ పొటెన్షియల్ 3 × 10⁶ × 0.15 = 4.5 లక్షల వోల్టులు. అప్పుడు దాని మీద ఆవేశం 7.5 మైక్రోకూలుంబ్‌లే. శక్తి సగం × 7.5 × 10⁻⁶ × 4.5 × 10⁵, అంటే 1.7 జౌళ్లు. 12 వోల్టుల, 40 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 12 × 40 × 3600, అంటే 17 లక్షల జౌళ్లకి పైనే. ఆ గోళం లెక్కలో ‘సగం’ కూడా మీ త్రిభుజంలో వచ్చిన సగమే. మొదటి చిటికెడు ఆవేశం చేరినప్పుడు గోళం పొటెన్షియల్ సున్నా, చివరిది చేరినప్పుడు 4.5 లక్షలు, సగటున అందులో సగం. గోళం మీది ప్రతి చిటికెడూ మిగతా వాటితో జంటకడుతుంది, ఆ జంటని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. కెపాసిటర్ శక్తిలో వచ్చే సగానిదీ ఇదే పుట్టుక.

రెండో సందేహానికి వద్దాం. +5, −5 నానోకూలుంబ్ ఆవేశాల మధ్య దూరం 20 సెంటీమీటర్లు అనుకోండి. మధ్యబిందువు దగ్గర +450, −450 వోల్టులు కలిసి సున్నా. క్షేత్రం మాత్రం ఒక్కోదాని వల్ల 4500 న్యూటన్/కూలుంబ్, రెండూ ఒకే వైపు, అంటే ధనావేశం నుంచి రుణావేశం వైపు. కలిపి 9000. ఇప్పుడు −5 తీసేసి దాని చోట ఇంకో +5 పెట్టండి. పొటెన్షియల్ 900 వోల్టులు, క్షేత్రం సున్నా. పూర్తిగా తలకిందులైంది.

ఆవేశాన్ని కదిపేది పొటెన్షియల్ విలువ కాదు, అది పక్కకి జరిగితే ఎంత మారుతుందన్నదే. కొండవాలు మీద ఒకచోట గీత గీసి ‘ఇక్కడ ఎత్తు సున్నా’ అని రాసినంత మాత్రాన అక్కడ పెట్టిన బంతి ఆగదు కదా. క్షేత్రం అంటే ఆ వాలు, మైనస్ గుర్తుతో. +5, −5 మధ్యలో విలువ సున్నా అయినా వాలు నిటారుగా ఉంది. +5, +5 మధ్యలో విలువ 900 ఉన్నా, రెండు ఆవేశాల్నీ కలిపే గీత మీద అది లోయ అడుగు, అక్కడ వాలు లేదు. (ఆ గీతకి అడ్డంగా చూస్తే అదే బిందువు శిఖరం. అందుకే గీత మీద కాస్త జరిపిన ధనావేశం వెనక్కి వస్తుంది, అడ్డంగా జరిపితే పారిపోతుంది.)

రెండూ ఎంత వేరువేరో చూడటానికి ఈ లెక్క చేయండి. +4 నానోకూలుంబ్ ఒక చివర, −1 నానోకూలుంబ్ దానికి 60 సెంటీమీటర్ల దూరంలో. పొటెన్షియల్ సున్నా కావాలంటే +4 నుంచి దూరం −1 నుంచి దూరానికి నాలుగు రెట్లుండాలి. గీత మీద ఇది రెండు చోట్ల కుదురుతుంది. మధ్యలో +4 నుంచి 48 సెంటీమీటర్ల దగ్గర, −1 దాటాక +4 నుంచి 80 సెంటీమీటర్ల దగ్గర. చాలామంది మొదటిది రాసి ఆపేస్తారు. క్షేత్రం సున్నా కావాలంటే దూరాల నిష్పత్తి రెండు చాలు, ఎందుకంటే అక్కడ వర్గం ఉంది. అది −1 దాటాక, +4 నుంచి 120 సెంటీమీటర్ల దగ్గర మాత్రమే. మధ్యలో నిష్పత్తి కుదిరినా రెండు క్షేత్రాలూ ఒకే వైపు ఉంటాయి, కొట్టేసుకోవు. ఆ 120 దగ్గర పొటెన్షియల్ ఎంత? +4 వల్ల 30, −1 వల్ల −9 ÷ 0.6 అంటే −15, మొత్తం +15 వోల్టులు. లెక్కకి సంబంధం లేకపోయినా ఒక అందమైన విషయం చెప్పాలి. పొటెన్షియల్ సున్నా అయ్యే బిందువులన్నీ కలిస్తే 48 నుంచి 80 వరకూ వ్యాసంగా ఉన్న గోళం వస్తుంది. దాని కేంద్రం −1 దగ్గర లేదు, 64 సెంటీమీటర్ల దగ్గరుంది.

గుర్తుల సంగతికి వస్తే, ఒక నియమం పెట్టుకోండి. పొటెన్షియల్, స్థితిజశక్తి అదిశ రాశులు కాబట్టి ఆవేశాల గుర్తుల్ని సూత్రంలోనే పెట్టి నేరుగా కూడాలి. బలం, క్షేత్రం సదిశలు కాబట్టి పరిమాణాన్ని గుర్తు లేకుండా కనుక్కుని, దిశని బొమ్మ చూసి వేయాలి. ఈ రెండు పద్ధతుల్నీ కలిపితే గందరగోళమే. క్షేత్రం సూత్రంలో −4 పెట్టి మైనస్ తెచ్చుకుని, బొమ్మలో మళ్లీ బాణం తిప్పితే రెండు మైనస్‌లు కలిసి దిశ తలకిందులవుతుంది.

‘పని’ అనే మాట ఒంటరిగా వస్తే ఎవరు చేసిన పని అని అడగాలి. క్షేత్రం చేసిన పని స్థితిజశక్తి తగ్గుదలకి సమానం. ఆవేశాన్ని నెమ్మదిగా, వేగం పెరగకుండా కదిపితే బయటివారు చేసిన పని స్థితిజశక్తి పెరుగుదలకి సమానం. త్రిభుజంలోకి −4ని తెచ్చినప్పుడు మార్పు −0.60. క్షేత్రం +0.60 చేసింది. మనం −0.60 చేశాం, అంటే దాన్ని లాగలేదు, దూసుకుపోకుండా పట్టి ఆపుతూ వచ్చాం. పట్టుకోకుండా వదిలేస్తే ఆ 0.60 జౌల్ గతిజశక్తిగా కనిపించేది. ‘బాహ్య బలం చేసిన పని’ అని స్పష్టంగా రాసి, ‘నెమ్మదిగా’ అన్న మాట లేకపోతే, మొదట్లోనూ చివర్లోనూ వస్తువు నిశ్చలంగా ఉందా అని చూడండి. లేకపోతే గతిజశక్తి మార్పుని కూడా కలపాలి.

సమాకలనంతో సూత్రాన్ని రాబట్టేటప్పుడు మైనస్ గల్లంతయ్యే చోటు ఒకటుంది, దీన్ని కాస్త నిదానంగా చూడాలి. రెండు ధనావేశాలు. ఒకటి కదలదు, రెండోదాన్ని అనంతం నుంచి ఆర్ దూరానికి తెస్తున్నాం. క్షేత్రబలం బయటికి, కదలిక లోపలికి. ‘కోణం 180 డిగ్రీలు, కొసైన్ −1’ అని ఒక మైనస్ రాస్తారు. తర్వాత అవధులు అనంతం నుంచి ఆర్ వరకూ వేస్తారు. ఆ అవధులు వేసిన క్షణంలోనే దూరంలోని చిన్న మార్పు రుణాత్మకమైపోయింది, లోపలికి అన్న సంగతి అందులోనే ఉంది. కొసైన్ దాన్ని ఇంకోసారి లెక్కపెట్టింది. ఫలితం, రెండు ధనావేశాల స్థితిజశక్తి రుణాత్మకం అని వస్తుంది. రెండిట్లో ఒకటే వాడండి. కోణం వాడితే కదలికని ధనాత్మక పొడవుగా తీసుకోవాలి. అవధులు అనంతం నుంచి ఆర్ వరకూ వేస్తే కోణం జోలికి పోకుండా, బలాన్ని బయటి దిశలో ధనాత్మకంగా రాసి, స్థితిజశక్తి నిర్వచనంలో ఉన్న ఒక్క మైనస్‌తో సరిపెట్టాలి. చివర్లో సరిచూసుకోవడం తేలిక. ఒకే రకం ఆవేశాల్ని దగ్గరికి తోయాలంటే పని పెట్టాలి కాబట్టి వాటి శక్తి ధనాత్మకం కావాల్సిందే.

రుణావేశం ఎటు వెళ్తుందన్నది కూడా ఇక్కడే తేలుతుంది. వదిలేసిన ఏ ఆవేశమైనా తన స్థితిజశక్తి తగ్గే వైపే కదులుతుంది. ధనావేశానికి అది తక్కువ పొటెన్షియల్ వైపు, ఎలక్ట్రాన్‌కి ఎక్కువ పొటెన్షియల్ వైపు. ‘ప్రతిదీ తక్కువ పొటెన్షియల్‌కి పోతుంది’ అని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎలక్ట్రాన్ లెక్క వచ్చినప్పుడల్లా తప్పుతారు. నిశ్చలంగా ఉన్న ఎలక్ట్రాన్ 100 వోల్టులు ఎక్కితే 100 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 1.6 × 10⁻¹⁷ జౌల్ గతిజశక్తి వస్తుంది. వేగం సుమారు 5.9 × 10⁶ మీటర్లు/సెకను. కాంతి వేగంలో రెండు శాతం, కాబట్టి మామూలు గతిజశక్తి సూత్రం చాలు.

వదిలేసే లెక్కల్లో జంట సంగతి మళ్లీ తగులుతుంది. +2, +3 మైక్రోకూలుంబ్ గోళాలు 30 సెంటీమీటర్ల దూరంలో, ద్రవ్యరాశులు 10, 20 గ్రాములు, రెండూ స్వేచ్ఛగా ఉన్నాయి. ఒకేసారి వదిలేశాం. చాలా దూరం పోయాక వేగాలెంత? ఉన్న 0.18 జౌల్ రెండిటిదీ ఉమ్మడి. ఒక్కోదానికీ 0.18 ఇచ్చేస్తే లేని శక్తి పుట్టించినట్టు. చెరి సగం పంచినా తప్పే. పంపకం తేల్చేది ద్రవ్యవేగం. మొదట అది సున్నా, కాబట్టి చివర్లో రెండిటి ద్రవ్యవేగాలు సమానం, దిశలు వ్యతిరేకం. తేలిక గోళం వేగం బరువుదానికి రెట్టింపు. బరువుదాని వేగాన్ని ‘వి’ అనుకుంటే మొత్తం గతిజశక్తి 0.02 వి² + 0.01 వి² = 0.18. వి = 2.45 మీటర్లు/సెకను, తేలికదానిది 4.90. పంపకం 0.06, 0.12 జౌళ్లు, తేలికదానికే ఎక్కువ. 20 గ్రాముల గోళాన్ని బిగించేస్తే 0.18 మొత్తం తేలికదానికే వస్తుంది, వేగం 6 మీటర్లు/సెకను. అలా బిగించినప్పుడు ద్రవ్యవేగ నిత్యత్వం వాడకూడదు, బిగించిన ఆధారం బయటి బలం ఇస్తోంది.

ప్రమాణాల తప్పుల్ని జవాబు సైజే పట్టిస్తుంది. సెంటీమీటర్లు మార్చకపోతే శక్తి వంద రెట్లు తగ్గుతుంది. రెండు మైక్రోలలో ఒకదాన్ని మర్చిపోతే పది లక్షల రెట్లు పెరుగుతుంది. మైక్రోకూలుంబ్‌లు, పదుల సెంటీమీటర్లు ఉన్న లెక్కలో జవాబు జౌల్‌లో భాగాల నుంచి కొన్ని జౌళ్ల వరకూ రావాలి. లక్షల జౌళ్లు వస్తే ఘాతాలు మళ్లీ చూడండి.

సున్నా ఎక్కడ పెట్టాలన్నది మన ఇష్టం. బిందు ఆవేశాలకి అనంతం దగ్గర సున్నా అనుకున్నాం కాబట్టే పై సూత్రాలు అంత సులువుగా ఉన్నాయి. అనంతంగా పొడవైన ఆవేశపు తీగకి అది కుదరదు, విలువ ఎక్కడా నిలవదు. అక్కడ తీగ నుంచి ఏదో ఒక దూరాన్ని సున్నాగా ఎంచుకుంటారు. జవాబుల్లో తేడాలే ముఖ్యం కాబట్టి ఇబ్బంది లేదు.

పరమాణువుల లెక్కలకి వచ్చాక జౌళ్లలో కుస్తీ పట్టొద్దు. కూలుంబ్ స్థిరాంకం × ఎలక్ట్రాన్ ఆవేశం వర్గం = 1.44 ఎలక్ట్రాన్ వోల్ట్-నానోమీటర్. ఇది ఒక్కటి గుర్తుంటే చాలు. హైడ్రోజన్‌లో దూరం 0.0529 నానోమీటర్లు. స్థితిజశక్తి −1.44 ÷ 0.0529 = −27.2 ఎలక్ట్రాన్ వోల్టులు. గతిజశక్తి +13.6. కలిపితే మీకు తెలిసిన −13.6. చాలామంది −13.6నే స్థితిజశక్తి అనుకుంటారు, అది మొత్తం శక్తి. కేంద్రకాలకి అదే సంఖ్యని 1.44 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్-ఫెమ్టోమీటర్‌గా వాడొచ్చు. 5 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా కణం (అంటే హీలియం కేంద్రకం) బంగారు కేంద్రకం మీదికి సూటిగా వెళ్తే, ఆగి వెనక్కి తిరిగే దూరం 1.44 × 2 × 79 ÷ 5 (2, 79 ఆ రెండు కేంద్రకాల్లోని ప్రోటాన్ల సంఖ్యలు), అంటే సుమారు 45 ఫెమ్టోమీటర్లు. బంగారు కేంద్రకం వ్యాసార్థం 7 ఫెమ్టోమీటర్ల దరిదాపు కాబట్టి కణం దాన్ని తాకనే లేదు. అందుకే ఇక్కడ రెండిటినీ బిందు ఆవేశాలుగా తీసుకోవడం చెల్లింది. ఈ లెక్కలో బంగారం కదలదని అనుకున్నాం. అది ఆల్ఫాకన్నా దాదాపు 49 రెట్లు బరువు, కాబట్టి తేడా రెండు శాతమే. ఆల్ఫాని ఇంకో హీలియం కేంద్రకం మీదికి పంపితే మాత్రం ఆ వెసులుబాటు ఉండదు. అతి దగ్గరగా వచ్చిన క్షణంలో రెండూ ఒకే వేగంతో కదులుతుంటాయి, మొదటి గతిజశక్తిలో సగం ఆ కదలికలోనే ఉండిపోతుంది. స్థితిజశక్తిగా మారేది మిగిలిన సగమే.